ముందు చక్రం

ఆ ఆదివారం ఉదయం బస్సమ్మ దించినంత అందంగా ఆ మైదానంలో విమానం దించినవాళ్ళు ఆ ఏడాదిలో ఇంకెవరూ లేరు. ఈ మాట మెకానిక్ ఎవరి ముందైనా అనగలడు. షెడ్డు గుమ్మంలో నిలబడి, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అతను కళ్ళారా చూశాడు.

కొత్త విమానం చెట్ల వరస దాటి నింపాదిగా వచ్చింది. ఇంజను హోరు తగ్గింది. రన్‌వే మీద మనిషెత్తున తేలుతూ, దిగనా వద్దా అని తటపటాయించింది. తొందరపడేవాళ్ళయితే సరిగ్గా అక్కడే స్టిక్కు ముందుకు తోసి ముక్కుని నేలకి కొడతారు. ఆమె తొయ్యలేదు. కొద్దికొద్దిగా వెనక్కి లాగి పట్టుకుంది. వెనక రెండు చక్రాలూ, నిద్రపోతున్న పసిపిల్లని పక్కమీద దింపినట్టు, తారుని తాకాయి. ముక్కు ఇంకా గాలిలోనే ఉంది. వేగం చచ్చి, రెక్కల్లో బలం పోయాక, అది తనంతట తనే వంగింది. ముందు చక్రం నేలకి ఆనింది.

ఆనగానే విరిగింది.

పటుక్కుమన్న చప్పుడు షెడ్డు దాకా వినిపించింది. ముక్కు కూలబడింది. ప్రొపెల్లరు తారుని కొట్టుకుని ముక్కలు ముక్కలుగా ఎగిరిపోయింది. విమానం నేలని గీరుకుంటూ మరి నాలుగు బారలు పోయి, తోక పైకెత్తుకుని ఆగింది.

మెకానిక్ మంటలార్పే సిలిండరు చంకన పెట్టుకుని పరుగెత్తాడు. అతను వెళ్ళేసరికి ఆమె స్విచ్చులన్నీ ఆపేసి, పెట్రోలు మూసేసి, పైకప్పు తెరిచి కూర్చుని ఉంది. కుడి కనుబొమ్మ చిట్లి రక్తం చెంప మీదుగా కారుతోంది. దాన్ని తుడుచుకోలేదు.

"అన్నా, నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. ముందు దిగు."

"కాదు, చెప్పు. వేగం సరిగ్గానే ఉంది. ముక్కు పట్టుకునే ఉన్నాను. ఎక్కడ తప్పాను?"

"నువ్వు తప్పలేదంటున్నా కదా చెల్లెమ్మా. దిగు."

ఆమె పన్నెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. నలభై మంది నిలబడి ఉన్న బస్సుని సిగ్నలు దగ్గర ఒక్కరు కూడా తూలకుండా ఆపగలదు. విమానాల క్లబ్బు వాళ్ళు ఆమెకి పెట్టిన పేరు బస్సమ్మ. అందులో ముద్దు సగం, చులకన సగం. విమానం నడిపే లైసెన్సు వచ్చి రెండు నెలలైంది. కొత్త విమానంలో ఒంటరిగా ఎగరడం అదే మొదటిసారి.

ఇంతలో క్లబ్బు అధ్యక్షుడు కారులో వచ్చాడు. ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు. కొత్త విమానం కొనిపించిందీ, దానికి రంగు ఎంచిందీ ఆయనే. దిగుతూనే, "అయ్యో, ప్రొపెల్లరు మొత్తం పోయిందే!" అన్నాడు. ఆ తరవాత ఆమె మొహం మీది రక్తం చూశాడు. "కట్టు కట్టండి ఎవరైనా," అని, పక్కనున్న ఇద్దరు సభ్యుల వైపు తిరిగి, "బస్సు బ్రేకు అనుకుని తొక్కినట్టుంది," అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, ముక్కుతో నవ్విన నవ్వు. కానీ మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఆ క్లబ్బుకి ఉన్నవి రెండే విమానాలు. ఒకటి పాతది. రెక్కలకి గుడ్డ తొడుగు, తోక కింద చిన్న చక్రం. రెండోది ఈ కొత్తది. లోపల టీవీల్లాంటి తెరలు, ముక్కు కింద చక్రం. పాతదానికి అత్తగారు అనీ, కొత్తదానికి కోడలు అనీ పేర్లు పెట్టింది ఎగరడం నేర్పే మాస్టారు. "అత్తగారు నీ తప్పుని అక్కడికక్కడే చెంప మీద కొట్టి చెబుతుంది. కోడలు పైకి నవ్వుతూ అన్నీ భరించి, ఒకరోజు పుట్టింటికి పోతుంది," అనేవాడు.

సోమవారం పొద్దున మెకానిక్ షెడ్డు తలుపు లోపల గడియ వేసుకుని కోడలి ముందు కూర్చున్నాడు. ముక్కుని గొలుసుతో పైకెత్తి, కింద బల్ల పెట్టాడు. చక్రాన్ని మోసే ఉక్కు గొట్టం అతుకు దగ్గర తెగిపోయింది. తెగిన రెండు ముక్కల్నీ కలిపి చూడాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. కలపకూడదు. కలిపితే ఒకదాన్నొకటి రాసుకుని, చెప్పాల్సిన మాట చెరిగిపోతుంది. గుడ్డతో తుడవకూడదు, కిరసనాయిలుతో కడగకూడదు. టార్చి వేసి, భూతద్దం పెట్టి, ఊపిరి కూడా తగలకుండా చూశాడు.

గొట్టం గుండ్రంగా తెగింది. ఆ గుండ్రంలో మూడో వంతు కొత్త వెండిలా తళతళలాడుతోంది. మిగతా రెండు వంతులూ నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. అంచున సన్నని తుప్పు కూడా పట్టింది. శుక్రవారం నాటి వాన తాలూకు తుప్పు అది.

అంటే ఈ గొట్టం నిన్న విరగలేదు. అంతకుముందే రెండు వంతులు పగిలి, మిగిలిన ఒక్క వంతు మీద వేలాడుతూ ఉంది. నిన్న ఆ వంతు కూడా తెగింది. ఇంజను వెనక రేకు మీద వేలు పెట్టి నిమిరాడు. నుదుటి మీద ముడతల్లాంటి మూడు ముడతలు వేలికి తగిలాయి. నిన్నటి దిగుడుకి ఇలాంటి ముడతలు పడవు. వేగంగా వచ్చి, ముక్కుని నేలకేసి బాదితేనే పడతాయి.

ఎవరు ఎప్పుడు ఎగిరారో రాసే పుస్తకం తీశాడు. ఆ వారంలో బస్సమ్మకి ముందు కోడల్ని నడిపింది ఒక్కరే. గురువారం సాయంత్రం, డాక్టరు.

ఆ దిగుడుని మెకానిక్ చూడలేదు, విన్నాడు. అత్తగారి తోక కింద వెల్లకిలా పడుకుని స్ప్రింగు బిగిస్తున్నాడు. ధన్, అంతలోనే మళ్ళీ ధన్, ఇంకోటి ధన్. డాక్టరు ఎప్పుడూ అంతే. యాభై అయిదు వేగంతో రావలసిన చోట డెబ్బై అయిదుతో వస్తాడు. వేగం ఉంటే క్షేమం అని ఆయన నమ్మకం. కోడలు తేలిక మనిషి, అంత వేగంతో దిగమంటే దిగదు, తేలుతుంది. ఆయనకి ఓపిక ఉండదు, ముక్కు వంచి నేల మీద పెట్టేస్తాడు. అది బంతిలా ఎగురుతుంది. మళ్ళీ వంచుతాడు. 'డాక్టరు ఇవాళ రన్‌వేకి పళ్ళు పీకాడు' అని క్లబ్బులో పాత జోకు.

ఆ జోకు తలుచుకుని గురువారం అతనూ నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. అద్దం కింద పెట్టి, "దొంగ వెధవ," అని పైకే అన్నాడు.

మంగళవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. గోడకి పాత ఫొటోలు, మధ్యన పొడుగు బల్ల, మూల టీ ఫ్లాస్కు. కుర్చీలు చాలక మెకానిక్ తలుపు దగ్గర నిలబడ్డాడు. బస్సమ్మ డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చింది. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు.

"ఎవరినీ నిందించడానికి కాదు ఈ మీటింగు," అని మొదలుపెట్టి, డాక్టరు పావుగంట సేపు ఆమెనే నిందించాడు. తోక చక్రం విమానంలో నేర్చుకున్నవాళ్ళకి ముందు చక్రం విలువ తెలియదన్నాడు. ఇప్పటి విమానాల్ని ఇప్పటి పద్ధతిలో దించాలన్నాడు. వేగంగా రావాలి, నేల మీద పెట్టాలి, బ్రేకు వెయ్యాలి. "గాల్లో ఊగుతూ, అది ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూడటం మాస్టారి కాలం నాటి ముచ్చట."

డెబ్బై రెండేళ్ళ మాస్టారు చెవి మిషను సవరించుకున్నాడు. "ముచ్చట కాదు డాక్టరు గారూ. రెక్క ఎగరడం మానేశాకే చక్రం నేలని తాకాలి. విమానం పాతదైనా కొత్తదైనా గాలి ఒకటే."

"మీ అనుభవం మీద మాకు గౌరవం ఉంది మాస్టారూ," అని డాక్టరు కాగితం తిప్పాడు. ఆ గౌరవం అన్న మాటతో ముసలాయన నోరు మూతపడింది.

"నేను ముక్కు పట్టుకునే ఉన్నాను సార్," అంది బస్సమ్మ. "అది ఆనేసరికి నా సిటీ బస్సు వేగం కూడా లేదు."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. లోపల కూర్చున్నవాళ్ళకి తెలియదు."

మెకానిక్ ఇక ఆగలేకపోయాడు. "ఆ గొట్టం నిన్నా మొన్నా విరిగింది కాదు సార్. పాత పగులుంది. చూపిస్తాను."

బల్ల చుట్టూ తలలు తిరిగాయి. డాక్టరు కంగారు పడలేదు. "నువ్వు రిపోర్టు రాసి నాకు పంపు. పద్ధతి అదీ. దిగడం ఎలాగో పైలట్లు మాట్లాడుకుంటారు. నువ్వు స్పానరు సంగతి చూడు."

తలలు మళ్ళీ అటు తిరిగిపోయాయి. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. ఇంకొకాయన ఫ్లాస్కు వంచి చూసి ఖాళీ అని పెదవి విరిచాడు. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. బస్సమ్మ ఏడాది పాటు క్లబ్బు విమానం ముట్టుకోకూడదు. తప్పుడు అలవాట్లు నేర్పుతోంది కాబట్టి అత్తగారిని అమ్మెయ్యాలి.

ఆమె లేచి, కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి తోసి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు చెయ్యకపోవడమే మెకానిక్ గుండెలో మేకులా దిగింది. కుర్చీ ఎత్తి విసిరికొట్టి ఉంటే కొంత బాగుండేది.

బుధవారం మధ్యాహ్నం విరిగిన గొట్టాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని, తిన్నగా పళ్ళ ఆస్పత్రికి వెళ్ళాడు. దారి పొడుగునా అనాల్సిన మాటలు కూర్చుకున్నాడు. ఒక్కొక్కటీ కొరడాలా ఉంది.

డాక్టరు చేతిలో ఉన్న పేషెంటుని పక్క గదిలోకి పంపి, అతన్ని లోపలికి పిలిచాడు. గోడ మీద ఎక్స్‌రేలు వెలుగుతున్నాయి. ఏ ఆర్భాటం లేకుండా చెయ్యి చాపి, "ఏదీ, ఇటివ్వు," అన్నాడు. కళ్ళకి పెట్టుకునే చిన్న భూతద్దాలు దించుకుని, పేషెంటు కుర్చీ మీది దీపం కిందికి లాగి, గొట్టాన్ని నిదానంగా తిప్పి చూశాడు. పన్ను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"పాత పగులే," అన్నాడు.

మెకానిక్ కూర్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆయన బొంకుతాడని వచ్చాడు అతను.

"మరి ఆ మాట మీటింగులో—"

"గురువారం నేను దిగాక నీకేం చెప్పాను?"

"ముందు చక్రంలో గాలి తగ్గింది, కాస్త పట్టమన్నారు."

"పట్టావా?"

"పట్టాను."

"పట్టి పుస్తకంలో ఏం రాశావు?" డాక్టరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను చదివాను. 'తనిఖీ చేశాను, ఎగరడానికి యోగ్యం' అని రాసి కింద సంతకం పెట్టావు. పగులు చూసి కూడా పెట్టావా, చూడకుండా పెట్టావా?"

పక్క గదిలో ఎవరో పుక్కిలించి ఉమ్మిన చప్పుడు.

"నాకు అంత గట్టిగా తగిలినట్టు అనిపించలేదయ్యా. నేను డాక్టర్ని, మెకానిక్‌ని కాదు. కనిపెట్టడానికే నువ్వున్నావు." ఆయన గొంతులో బెదిరింపు లేదు. పేషెంటుకి నచ్చజెప్పే మెత్తదనమే ఉంది. "ఇది బయటికి లాగితే ముందు పోయేది నీ సంతకం. దేనికి చెప్పు? ఆ అమ్మాయికి ఏడాదేగా. వచ్చే ఏడు నేనే దగ్గరుండి నేర్పిస్తా. ఎవరికీ ఏమీ పోదు."

గొట్టాన్ని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆయనే తలుపు తీశాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరిదో జాకెట్టుకి తప్పుపడిన కుట్టు విప్పుతోంది. సూదిమొనతో ఒక్కొక్క పోగూ లేపి తెంపుతోంది. మెకానిక్ చెప్పులు కూడా విప్పకుండా అరగంట సేపు ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతూ అరిచాడు. డాక్టరు కారుని తిట్టాడు. రంగుని తిట్టాడు. ఫోను చూసుకున్న సభ్యుణ్ణి తిట్టాడు. ఫ్లాస్కు వంచినవాణ్ణీ తిట్టాడు. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న తిట్లన్నీ బయటికొచ్చాయి.

"పళ్ళు పీక్కునేవాడికి విమానం ఎందుకంట? వేగం తగ్గిస్తే ప్రాణం పోతుందని భయం. పిరికిపంద! ఆ భయాన్ని ధైర్యమని అందరికీ అమ్ముతున్నాడు."

ఆమె దారం ముక్కలు ఊదేసి తలెత్తింది. "ఏమండీ, ఒక మాట. ఆ గురువారం మీరు ముక్కు ఎత్తి చూశారా?"

"గాలి పట్టమన్నాడు, పట్టాను. అయిదున్నరైపోయింది. స్ప్రింగు పని ఇంకా—"

"నేనడిగింది అది కాదు."

అతను తిరగడం ఆపి, గోడ పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"లేదు," అన్నాడు.

"చూసి ఉంటే కనబడేదా?"

తోక మీద మనిషి బరువు వేస్తే ముక్కు లేస్తుంది. వంగి, టార్చి వేస్తే, అతుకు దగ్గర వెంట్రుకంత గీత. రేకు మీద ముడతలు. అయిదు నిమిషాల పని. మూడుసార్లు ధన్ మన్న చప్పుడు చెవులారా విన్న మనిషి చెయ్యాల్సిన పని.

"గుడ్డివాడికైనా కనబడేది."

"మరి ఇంతసేపూ ఎవరి మీద అరుస్తున్నారు?" అంది ఆమె. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది. అడిగి, మళ్ళీ కుట్టు మీదికి వంగింది.

అతను చెప్పులు విప్పాడు. డాక్టరు మీద కోపం రవ్వంతైనా తగ్గలేదు. కానీ అది ఇప్పటిదాకా ఒక వైపే మండింది. ఇప్పుడు రెండో వైపూ అంటుకుంది.

గురువారం పొద్దున రిపోర్టు రెండు కాపీలు రాశాడు. మొదటి వాక్యం రాయడానికే గంట పట్టింది. 'పోయిన గురువారం సాయంత్రం కొత్త విమానం గట్టిగా దిగిన చప్పుడు నేను విన్నాను. ముందు చక్రంలో గాలి పట్టమంటే పట్టాను. ముక్కు ఎత్తి చూడలేదు. చూడకుండానే సంతకం పెట్టాను.' అది రాశాక మిగతాదంతా చకచకా వచ్చింది. ఎవరు దించారు, ఎన్నిసార్లు ఎగిరిపడింది, పగులు ఎంత, తుప్పు ఎంత. ఆదివారం దించిన మనిషి తప్పు వీసమెత్తు కూడా లేదని చివర రాశాడు. ఒక కాపీ లైసెన్సులిచ్చే ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపి, ఆ రసీదు జేబులో పెట్టుకున్నాకే రెండోదాన్ని క్లబ్బు నోటీసు బోర్డుకి పిన్ను కొట్టాడు.

మరుసటి వారం తనిఖీ అధికారి వచ్చాడు. మితభాషి. గొట్టం చూశాడు, రేకు నిమిరాడు, పుస్తకం చదివాడు. డాక్టర్ని గదిలో అరగంట, మెకానిక్‌ని రెండు గంటలు కూర్చోబెట్టాడు. శుక్రవారానికి ఉత్తర్వు వచ్చింది. మెకానిక్ సంతకం ఆర్నెల్లు చెల్లదు. అతను చేసిన ప్రతి పనినీ పక్క మైదానం మెకానిక్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. బస్సమ్మ మీద నిషేధం రద్దు. డాక్టరు 'అంత గట్టిగా అనిపించలేదు' అని రాసిచ్చాడు, అది 'గమనించడమైనది'. గట్టిగా దిగినవారు విధిగా పుస్తకంలో రాయాలి అని సభ్యులందరికీ కలిపి ఒక నోటీసు. డాక్టరు అధ్యక్షుడిగానే ఉన్నాడు. ఆ నోటీసుని గోడకి అంటించింది కూడా ఆయనే.

మెకానిక్ దాన్ని రెండుసార్లు చదివాడు. చింపెయ్యాలని చెయ్యి లేచింది. దించుకున్నాడు.

శనివారం పదకొండింటికి బస్సమ్మ షెడ్డుకి వచ్చింది. కుట్లు విప్పేశారు. ఎర్రటి గీత మిగిలింది. చేతిలో బోర్డు మీంచి తీసిన అతని రిపోర్టు కాగితం ఉంది. అతను స్పానరు కింద పెట్టి లేచాడు. ఆమె ఏదో నాలుగు మంచి మాటలు అంటుందనీ, అప్పుడు తను వద్దులెమ్మనాలనీ అనుకున్నాడు. లోపల ఎక్కడో ఆ మాటల కోసం ఎదురుచూశాడు కూడా.

"ఇది నిజమేనా అన్నా?"

"నిజమే."

"ముక్కు ఎత్తి చూడలేదా?"

"లేదు చెల్లెమ్మా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "డాక్టరు సంగతి నాకు మొదటిరోజే తెలుసు. ఆయన నన్ను మనిషి కింద లెక్కవెయ్యడు. ఆయన మీద నాకు నమ్మకం లేదు, కాబట్టి ఆయన చేసిందానికి ఏడుపూ రాలేదు. నువ్వో? ఆదివారం ఎక్కేముందు, 'ఎక్కొచ్చా అన్నా' అని అడిగాను. 'మహారాణిలా ఎక్కు' అన్నావు. నవ్వుతూ అన్నావు."

"తప్పయింది."

"నేను రోజూ బస్సు తియ్యబోయే ముందు ఆరు చక్రాలూ వంగి చూస్తాను. వానొచ్చినా చూస్తాను, జ్వరమొచ్చినా చూస్తాను. ఎక్కేవాళ్ళలో ఒక్కరు కూడా 'చూశావా' అని అడగరు. అడగరు కాబట్టే చూడాలి!" షెడ్డు రేకులు ఆ కేకకి గింగురుమన్నాయి. "ఆ కాస్తా పైనే విరిగి వేలాడుంటే? దిగేటప్పుడు ఇంకాస్త వేగం ఉండుంటే? మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారన్నా!"

ఉత్తర్వులో ఆర్నెల్ల శిక్ష చదివినప్పుడు అతను, చేసిన తప్పుకి చెల్లు అయిపోయిందనుకున్నాడు. అది ఆఫీసుకి చెల్లింది. ఈ మనిషికి చెల్లలేదు.

ఆమె కాగితాన్ని సంచిలో పెట్టుకుని, షెడ్డు లోపలి పాత విమానం వైపు నడిచింది. తరవాత, "అత్తగారిని బయటికి తియ్యి," అంది.

"పక్క మైదానం ఆయన పొద్దున్నే వచ్చి చూసి సంతకం పెట్టాడు. అంతా—"

"ఆయన చూశాడు. నువ్వు చూడు. నా ముందు."

కొనేవాళ్ళు ఇంకా దొరకని ఆ పాత విమానాన్ని ఎండలోకి తోశాడు. ముప్పావుగంట పట్టింది. తోక ఎత్తి దిమ్మ మీద పెట్టాడు. ప్రతి చక్రాన్నీ తిప్పాడు, ప్రతి అతుకునీ వేలితో తడిమాడు, తీగల్ని లాగి చూశాడు, గుడ్డ తొడుగుని గోటితో మీటి బిగువు విన్నాడు. ఒక్కొక్కదాని దగ్గరా ఆమె పక్కనే వంగి చూసింది. ఎందుకలా, ఇదేంటి, ఇది పోతే ఏమవుతుంది అని అడిగింది. అతను చెప్పాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

చివర గుడ్డతో చేతులు తుడుచుకుని, "బాగుంది," అన్నాడు.

"అయితే ఎక్కు."

"నేనా?"

"నువ్వే. పక్క సీటు ఖాళీయే."

పదకొండేళ్ళలో ఆ విమానాలకి వేల సంతకాలు పెట్టాడు గాని, ఎక్కింది మూడో నాలుగోసార్లు. బెల్టు బిగించుకుని రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఇంజను రాజుకుంది. తోక లేచింది, నేల కిందికి జారింది. కాళ్ళ కింద పలచటి బోర్డు, దాని కింద గాలి. తను బిగించిన ప్రతి బోల్టూ పేరు పేరునా గుర్తొచ్చింది. ఇది బిగించానా? పిన్ను వేశానా? వేశాను. ఇప్పుడే చూశాను. అయినా మళ్ళీ మళ్ళీ మనసులో తడుముకుంటూనే ఉన్నాడు.

ఆమె ఒక చుట్టు తిప్పి రన్‌వే వైపు తిరిగింది. ఇంజను తగ్గించింది. చెట్లు కిందనుంచి పోయాయి. నేల పైకి వస్తుంటే అతని చేతులు వాటంతటవే ముందు ఇనపకమ్మీని పట్టుకున్నాయి.

"చేతులు ఒళ్ళో పెట్టుకో," అంది ఆమె, అటు చూడకుండానే.

పెట్టుకున్నాడు. విమానం తేలింది. ఆమె స్టిక్కుని వెనక్కి లాగుతూ, ఇంకా లాగుతూ, దిగనివ్వకుండా పట్టుకుంది. మోటారు హోరు లేదు, గాలి ఈలే. ఇప్పుడు, ఇప్పుడు అని అతను పళ్ళు బిగబట్టాడు. అప్పటికే మూడు చక్రాలూ ఒక్కసారిగా నేల మీద దొర్లుతున్నాయి. ఎప్పుడు తాకాయో తెలియలేదు.

రన్‌వే చివర ఆమె విమానాన్ని తిప్పి, గాలికి ఎదురుగా నిలబెట్టింది.

"భయమేసిందా?"

"వేసింది," అన్నాడు అతను.

"వెయ్యాలి," అంది బస్సమ్మ. కోపం ఇంకా ఆమె మొహంలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. "ఇంకోసారి," అని థ్రాటిల్ ముందుకు తోసింది.